తొమ్మిదో వరుస తర్వాత

ముసలావిడ పూలను నీళ్లలో వదిలేసింది. పొరపాటున కాదు, వేలు జారీ కాదు. తొమ్మిదో వరుస నిండేదాకా ఒక్క పువ్వు పక్కకు పోకుండా పేర్చింది, పైన పసుపు గౌరమ్మను పెట్టింది, ఒక్క క్షణం ఆగింది, తర్వాత చూపుడువేలితో మొత్తం దొంతరను మెల్లగా కిందికి లాగి తెర అడుగున కదులుతున్న నీలం నీళ్లలోకి తనే దింపింది. తెర మీదికి వచ్చిన పడవ బొమ్మను పక్కకు తోసేసి, ఫోను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ జోడించింది. నా కళ్లెదుటే. మూడు నెలలుగా నేను కంప్యూటర్లో ఎర్రగీతగా చూస్తున్న ఓటమి, పన్నెండుమంది ఆడవాళ్లు రోజుకు పదేసిసార్లు ఓడిపోయిన ఓటమి, నేను నివేదికలు రాసి, పటాలు గీసి, మీటింగుల్లో నిలబడి వివరించిన ఓటమి, ఇదా? ఫోనులోంచి మేం పెట్టిన ఏడుపు రాగం వచ్చింది. తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. అవి రాసింది నేనే, ఇంగ్లిష్‌లో. ముసలావిడ, ఐలమ్మ, వాటిని నా వైపు తిప్పి చూపించింది.

"గా ఎర్ర అచ్చరాలు ఏం జెప్తున్నయ్ బిడ్డా? నాకు సదువు రాదు. పోయిరా తల్లీ అని రాసుందని మా సరళ జెప్పింది. గంతేనా, ఇంకేమన్న ఉన్నదా?"

మంచినీళ్లు కావాలన్నాను. దాహమేమీ లేదు, ఆవిడ కాసేపు నా మొహం చూడకుండా ఉంటే చాలనిపించింది. ఆవిడ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి లోపలికి వెళ్లింది. లాల్‌గడి మలక్‌పేటలో ఈ ఇంటికి నేను రావడం ఇదే మొదటిసారి. ముందు రేకుల వసారా, వసారాలో ప్లాస్టిక్ కుర్చీ, గోడవార ఆరబెట్టిన మక్కకంకులు. నేనొచ్చింది ఫోను కోసం. కంపెనీ ఇచ్చిన పరీక్ష ఫోను ఆవిడ మనవరాలు సరళ తిరిగి ఇవ్వలేదని మా ఆఫీసులో రెండుసార్లు మెయిల్ వచ్చింది, మేడ్చల్ నుంచి ఇక్కడికి స్కూటీ మీద అరగంట, నేనే వెళ్లి తెస్తానన్నాను. తెస్తానన్నప్పుడు నా గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది, చూడండి ఉద్యోగంలోంచి తీసేసినమ్మాయి ఇంటికి నేనే స్వయంగా వెళ్తున్నాను అన్నట్టు. సరళ లేదు. ఇప్పుడు తుర్కపల్లి వైపు మందుల కంపెనీలో ప్యాకింగ్‌కు వెళ్తోందట, బస్సు ఐదూ నలభైకి దింపుతుందట. ఫోను ఇవ్వడానికి వాళ్ల అవ్వకేమీ అభ్యంతరం లేదు, ఒక్కటే అడిగింది, ఇచ్చే ముందు ఒక్కపాలి ఆడుకుంటానని. ఆడుకోండి మామ్మగారూ అన్నాను. మామ్మగారూ అన్నందుకు ఆవిడ నవ్వింది. ఆ నవ్వు అయిపోయి రెండు నిమిషాలు కాలేదు. ఐదు దాటింది. ఆరింటికి మేం చేసిన ఈ ఆట ఆఫీసులోంచి అందరి ఫోన్లలోకీ వెళ్లిపోతుంది.

పూలదొంతర. పేరు పెట్టింది కూడా నేనే. మా ఆఫీసు మేడ్చల్ బస్ డిపోకు దగ్గర్లో ఒక బట్టల కొట్టు పైన రెండో అంతస్తు, పదకొండుమంది మగవాళ్లు, నేను. మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు తోముకుని కాసేపు నడుం వాల్చే వేళ ఆడవాళ్ల చేతిలో ఫోను ఉంటుంది, ఆ వేళకు మనమొక చిన్న ఆట ఇవ్వాలి, యుద్ధాలు తుపాకులు వద్దు, అన్నాడు ఆదిత్య. అతను కంపెనీ పెట్టినవాడు, మంచివాడే. అందరూ నా వైపు తిరిగారు. "మనలో లేడీ డిజైనర్‌వి నువ్వొక్కదానివే హరీ, నువ్వు చెప్పిందే ఫైనల్" అన్నాడు. ఎంత పొంగిపోయాను. ఆడవాళ్లకు ఏం కావాలో నన్నడిగితే నాకు తెలియదని చెప్పాలని ఒక్కసారైనా తోచిందా? అమ్మ కడుపులోంచి వచ్చేటప్పుడే తెచ్చుకున్న జ్ఞానంలాగా చెప్పుకుంటూ పోయాను. ఆడవాళ్లకు గెలుపు ముఖ్యం కాదు, కాలక్షేపం ముఖ్యం, అన్నాను. ఈ వాక్యం బోర్డు మీద రాసుకున్నారు. ఇప్పటికీ చెరపలేదు. రేపు వెళ్లి చూస్తే అక్కడే ఉంటుంది, నీలం ఇంకుతో, కింద నా పేరుతో.

బతుకమ్మ అనుకున్నది కూడా నేనే. పండగ వారంలో ఆట వస్తే ప్రతి ఇంట్లో ఆడతారు, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందే రావాలి, అన్నాను. పైనుంచి పూలు రాలుతుంటాయి, తంగేడు, గునుగు, బంతి, వేలితో పట్టి వరుసలు పేర్చాలి, అడుగు నుంచి నీళ్లు పెరుగుతూ ఉంటాయి, దొంతరను నీళ్లకు అందకుండా పైకి జరుపుకుంటూ ఉండాలి, తొమ్మిది వరుసలు నిండాక గంట మోగేదాకా పది సెకన్లు కాపాడుకుంటే గెలుపు. నీళ్లు తగిలితే ఓటమి. నీళ్లు తగిలితే ఓటమి అని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. అడగనే లేదు. రాత్రికి రాత్రి వచ్చిన నీళ్లు నా మంచం కోడు దాకా వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. అమలాపురం దగ్గర మా ఊరు, తుఫాను, పెంకులు ఎగిరిపోతున్నాయి, నాన్న నన్ను అటక మీదికి ఎక్కించి, కిందికి చూడొద్దు అమ్మడూ అన్నాడు. నేను చూశాను. దేవుడి గూడులోంచి పూజ చేసిన పూలు, కుంకుమ భరిణె, అమ్మ పసుపు డబ్బా అన్నీ నీళ్ల మీద తేలుతూ గుమ్మం దాటి పోయాయి. అప్పటినుంచి నీళ్లు పెరగడమంటే నాకు ఒకటే అర్థం. ఆట కోసం ఒక భయం కావాలంటే నా చెయ్యి దానంతటదే వెళ్లి ఆ భయాన్ని తీసుకుంది. ఎంత సహజంగా తీసుకుందంటే, అది నాదని కూడా తెలియలేదు. ఈ ఊళ్లో ఆడవాళ్లందరిదీ అనుకున్నాను.

మంచినీళ్ల చెంబు ఇచ్చి ఐలమ్మ మళ్లీ కింద కూర్చుంది, కంకులు వొలవడం మొదలుపెట్టింది. తాగుతున్నాను. రెండు గుక్కలకే చెంబు పక్కన పెట్టాను. ఎనిమిదేళ్లుగా ఈ వైపే ఉంటున్నాను కదా, మా కాలనీలో ప్రతి ఏడూ బతుకమ్మ చేస్తారు కదా, చూడలేదా? చూశాను. ఆట కోసం ఫొటోలు కూడా తీశాను, నూట నలభై ఫొటోలు, ఏ పువ్వు ఏ వరుసలో ఉందో, తంగేడు పసుపుకీ బంతి పసుపుకీ తేడా ఎంతో, గౌరమ్మను ఏ ఆకులో పెడతారో. చప్పట్లు కొడుతూ తిరిగేటప్పుడు నేనూ రెండు చుట్లు తిరిగాను. తర్వాత అందరూ బతుకమ్మలను తల మీదికి ఎత్తుకుని శామీర్‌పేట చెరువు వైపు వెళ్లడానికి వ్యాన్ ఎక్కుతుంటే, అమ్మకు మందులివ్వాలని చెప్పి లిఫ్టు ఎక్కేశాను. ప్రతి ఏడూ అమ్మకు మందులే. అమ్మ కూడా అడగదు, ఆవిడకూ చెరువంటే పడదు. ఎనిమిది పండగలు చూశాను, ఒక్కదాని చివర చూడలేదు. చివర నీళ్లలో వదులుతారని వినలేదా అంటే విన్నాను, వినాయకుణ్ణి వదిలినట్టు పండగ అయిపోయాక చేసే పని, సర్దుడు పని అనుకున్నాను. కథ అయిపోయాక తెర దించడం అనుకున్నాను. అదే కథ అని నాకు తెలియదు.

ఇక ఆ తర్వాత నేను చేసిన తెలివైన పనులు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పరీక్షకు అత్వెల్లి నుంచి ఆరుగురు, ఈ ఊరి నుంచి ఆరుగురు వచ్చేవాళ్లు. అందరూ తొమ్మిదో వరుస దాకా చకచకా పేర్చేసి సరిగ్గా అక్కడే ఓడిపోయేవాళ్లు. చివరి పది సెకన్లు వీళ్లకు కష్టంగా ఉందని ఐదు చేశాను. నీళ్ల వేగం తగ్గించాను. అయినా ఓడిపోయారు. గునుగు పువ్వు సన్నగా ఉండి వేలికి అందడం లేదేమోనని పెద్దది చేయించాను. ఇలా జరపాలి అని చూపించే గాజుల చెయ్యి బొమ్మ పెట్టించాను. ఓడిపోయారు. చివరికి ఒక పడవ. దొంతర నీళ్లను తాకగానే పడవ వచ్చి కాపాడనా అని అడుగుతుంది, అవునంటే ఒక ప్రకటన చూడాలి, ఆదిత్య ఆశలన్నీ ఆ పడవ మీదే. పన్నెండుమందిలో ఒక్కరూ అవునని నొక్కలేదు. బొత్తాం కనపడలేదేమోనని రెండింతలు చేశాను. వాళ్లు ఆ పడవను ఈగను తోలినట్టు పక్కకు తోసేసి చేతులు జోడించి ఉంటారు. అవును, చేతులు జోడించేవాళ్లు. ఒకసారి అద్దం తలుపులోంచి చూశాను, సత్యమ్మ అనే ఆవిడ ఓడిపోగానే దండం పెట్టింది. ఫోనుకు దండం పెడుతోంది పాపం అనుకుని నవ్వుకున్నాను. మా వాళ్లకు చెప్పి నవ్వించాను కూడా.

ఇంకా ఉంది. సరళ నోట్సు. ఆ ఆడవాళ్లను కూడగట్టుకుని ఆటోల్లో తీసుకొచ్చి, పక్కన కూర్చుని, ఎవరెలా ఆడారో రాయడం సరళ పని. డిగ్రీ చదివింది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ప్రతి పేజీలోనూ ఒకటే రాసేది: తొమ్మిది వరుసలు పేర్చింది, నీళ్లలో వదిలింది, మంచిగా ఆడింది. కంప్యూటరేమో ఓడిపోయింది అంటుంది, ఈ అమ్మాయేమో మంచిగా ఆడింది అంటుంది. తన ఊరి వాళ్లని మాట పడనివ్వకుండా వెనకేసుకొస్తోందనుకున్నాను. నమ్మదగ్గ నోట్సు కాదు, అని నివేదికలో రాశాను. ఆ ఒక్క వాక్యానికే ఆ అమ్మాయి ఉద్యోగం పోయింది. పదిరోజులైంది. ఆరోజు గదిలో ఆదిత్య, నేను, ఎదురుగా నిలబడి సరళ. కుర్చీ ఉంది, కూర్చోమని నేను అనలేదు. సరళ మెల్లగా, వాళ్లు కావాలనే వదులుతున్నారు మేడం, అంది. చెప్పింది! నాకు చెప్పింది! ఈ చెవులతోనే విన్నాను. కావాలని ఎవరూ ఓడిపోరు సరళా, అన్నాను. దానికి ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. ఆ చూపును నేను పొగరనుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, ఆరోజు సరళ మొహంలో ఉన్నదీ ఇప్పుడు నా మొహంలో ఉన్నదీ ఒకటేనేమో. దిమ్మెరపోవడం. ఇంత పెద్దదానికి ఇంత చిన్న సంగతి తెలియదా అని.

ఫోను మోగింది, నాది. ఆదిత్య మెసేజి, ఆరింటికి నొక్కేస్తున్నాం, నీ ఓకే ఒక్కటే మిగిలింది. ఐదున్నర. ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధమాడను. ఈ ఫోను సంచిలో వేసుకుని, వస్తాను మామ్మగారూ అని స్కూటీ ఎక్కితే ఎవరికి తెలుస్తుంది? సరళ మందుల కంపెనీలో కుదురుకుంది. ఆర్నెల్ల పని, పదకొండుమంది ఆర్నెల్ల నిద్ర. పండగ దాటితే ఆట ఎవరికీ అక్కర్లేదు. నాకు టీం లీడ్ ఖాయమన్నారు, నేమ్‌ప్లేట్ కూడా చేయించారు. లక్షమంది ఆడవాళ్లు ఆడతారు, అయితే ఏమవుతుంది, తొమ్మిదో వరుస తర్వాత అమ్మవారిని సాగనంపుతారు, సాగనంపిన ప్రతిసారీ నువ్వు ఓడిపోయావని ఎర్రగా వస్తుంది, ఏడుపు రాగం వస్తుంది, పడవ వచ్చి కాపాడతానంటుంది. లక్ష ఇళ్లలో, పండగపూట, నా అక్షరాలు.  ఆ రాగం మాట ఏదో అడగాలనిపించి, ఆ ఏడుపు పాట వినపడితే మీకు బాధగా ఉండదా అని ఐలమ్మను అడిగాను.

"బాధ కాదు బిడ్డా. గా పాట ఇంటె కడుపుల దేవుతది. ఆడివిల్లను అత్తగారింటికి తోలిచ్చినట్టుంటది. పోతాంటె ఏడుపు రాదా? మంచిగ పెట్టిన్రు."

మంచిగా పెట్టారట. సంగీతం బాగుందని పన్నెండుమందీ చెప్పినట్టు సరళ నోట్సులో ఉంది, ఓడిపోతే వచ్చే రాగం ఎవరికైనా ఎందుకు నచ్చుతుందని దాన్నీ కొట్టేశాను. ఐలమ్మ కంకులు వొలుస్తూనే ఉంది. గింజలు తట్టలో పడుతున్న చప్పుడు. కాళ్ల నొప్పులతో రెండేళ్ల నుంచి చెరువు దాకా పోలేకపోతోందట, పిల్లలు ఎత్తుకుపోతుంటే గడపలోంచి చూస్తుందట, ఈ ఫోను వచ్చినప్పటినుంచి రోజూ ఒకసారి తన చేత్తో వదులుతోందట. మామూలుగా చెప్పింది, పప్పులో ఉప్పెంత వేసిందీ చెప్పినట్టు. ఆర్నెల్లుగా నేను ఎవరి కోసం ఆట చేస్తున్నానో ఆ మనిషి ఇదిగో, నా ఎదురుగా, గింజలు వొలుస్తూ. నేను తయారుచేస్తున్నప్పుడు నా బుర్రలో ఉన్న ఆడమనిషి ఎవరో ఇప్పుడు ఎంత ఆలోచించినా మొహం గుర్తురావడం లేదు.

సరళ వచ్చింది. భుజానికి టిఫిన్ సంచి, ప్యాకింగ్‌లో జుట్టుకు పెట్టుకునే వలటోపీ ముద్ర ఇంకా నుదుటి మీద ఉంది. నన్ను చూసి ఆగింది. ఫోను కోసమా మేడం, నేనే ఆఫీసుకు పంపిద్దామనుకున్నాను, అవ్వ ఇడుస్తలేదు, అని సంజాయిషీ మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో వరస కుదరలేదు. మీ అవ్వ ఆడటం చూశాను సరళా, అన్నాను. అంతే అన్నాను. ఆ అమ్మాయికి అర్థమైంది. సంచి దించి గోడకు ఆనుకుంది.

"మీకు దెల్వదని నాకెట్ల దెలుస్తది మేడం? పండుగ మీద ఆట జేసిన్రు. తెలిసే జేసిన్రనుకున్న."

మరి ఎర్ర అక్షరాలు పోయిరా అంటున్నాయని వాళ్లకు ఎందుకు చెప్పావని అడిగాను. తప్పుపట్టడానికి కాదు, తెలుసుకోవడానికే, కానీ నా గొంతుకు మేనేజరు అలవాటు పోలేదు. సరళ తలవంచుకోలేదు. మొదటిరోజే సత్యమ్మ అడిగిందట, దండం పెట్టుకుని కళ్లు తెరిచి, ఏం రాసుంది సరళా అని. నువ్వు ఓడిపోయినవని ఆ మనిషికి ఎట్ల చెప్పాలె మేడం, అంది. తర్వాత అందరికీ అదే చెప్పాల్సొచ్చిందట. మేం మారుస్తామని రోజూ చూసిందట, మేమేమో పడవ తెచ్చామట. ఆ మాట దగ్గర కొంచెం నవ్వింది, నాకు నవ్వు రాలేదు. రేపు ఆఫీసులో అందరి ముందు చెప్తాను, నీ నోట్సే నిజమని, నాదే తప్పని, నిన్ను మళ్లీ తీసుకోమని, అన్నాను. సరళ తల అడ్డంగా ఊపింది.

"నోటితోని జెప్తే ఏమైతది మేడం. నేను గూడ నోటితోనే జెప్పిన. రాసియ్యిన్రి."

రాశాను. అక్కడే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆ అమ్మాయి లోపలి నుంచి తెచ్చిన నోట్సు పుస్తకం చివరి పేజీలో. సరళ రాసిన ప్రతి మాటా నిజం, చదవడం చేతకానిది నాకు, అని రాసి, హరిచందన అని సంతకం పెట్టి, తేదీ వేసి, ఫొటో తీసి ఆదిత్యకు పంపాను. ఆరు కావడానికి నాలుగు నిమిషాలు. వెంటనే ఫోను చేశాడు. ఆపేయండి అన్నాను. ఏమైంది అంటాడు, పిచ్చా అంటాడు, ఆడవాళ్ల గురించి నువ్వు చెప్పిందే కదా చేశాం అంటాడు. అవును, నేను చెప్పిందే చేశారు, నాకు తెలియదని చెప్పడం మర్చిపోయాను, అన్నాను. పండగ పోతుంది హరీ, అన్నాడు పాపం. పోనీండి అనలేకపోయాను. నా ఓకే లేదు, అన్నాను. ఫోను పెట్టేశాడు. నొక్కాడో ఆగాడో తెలియదు. చెంబులో మిగిలిన నీళ్లు తాగేశాను.

ఐలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. పరీక్ష ఫోను ఆవిడ ఒళ్లోనే ఉంది, ఎర్ర అక్షరాలు తెర మీద అలాగే ఉన్నాయి. నేనడిగింది చెప్పనేలేదు బిడ్డా, అంది. సరళ నా వైపు చూసింది. పోయిరా అనే ఉందవ్వా అని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ అమ్మాయి మాట నిలబడేది, నేను నలుగురిలో మంచిదాన్నయ్యేదాన్ని. మూడు నెలలు ఈ ఆడవాళ్ల తరఫున నాకు తోచిందే చెప్పాను, చాలు. కుర్చీ దిగి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను.

"మునిగిపోయింది, మీరు ఓడిపోయారు, అని ఉందవ్వా. రాసింది నేనే. నాకు తెలియక రాశాను."

ఐలమ్మకు కోపం రాలేదు. తెరను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది, మనవరాలిని చూసింది, నన్ను చూసింది. నిజంగానే అర్థం కాని మొహం.

"ఓడిపోయిన్నా? మరి గిన్ని దినాలు నాకు మంచిగెందుకు అనిపిచ్చింది?"

 ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. ఎర్ర అక్షరాలను వేలితో పక్కకు తోసేసి, ఫోను తీసుకపోయేముందు ఇంకొక్కపాలి అంది, మొదటి వరుసకు తంగేడు పట్టింది. ఫోను మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను, ఆవిడకు వినపడిందో లేదో. బంతి పడింది, గునుగు పడింది, వేలు ఒక్క పువ్వునూ వదల్లేదు. ఎనిమిది. తొమ్మిది. పైన గౌరమ్మ. అడుగున నా నీళ్లు పెరుగుతున్నాయి. లేచిపోవాలని నా కాళ్లకు అలవాటు. ఐలమ్మ వేలు మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. లేవలేదు, చివరిదాకా చూశాను.